కలంతో గీసిన పాత తిరుకుటుంబం బొమ్మ: కింద ఉన్న పేరును ఎంతవరకు నమ్మాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంగ్లండ్‌లో ఒక ఇంటి సామాను వేలంలో ఫ్రేము కట్టిన చిన్న బొమ్మ కొన్నారు. గోధుమ రంగు సిరాతో మరియమ్మ, ఒడిలో బాలయేసు, వెనక జోజప్ప, పక్కన చిన్నారి స్నాపక యోహాను. కింద కుడి మూల "లూకా కాంజాజి" అని ఇటాలియన్ పేరు రాసి ఉంది. ఇది నిజంగా జెనోవా చిత్రకారుడు లూకా కాంబియాజో గీసిందేనా, తేల్చుకోవడం ఎలా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. ఆ పేరు సంతకం కాదు. తర్వాతి కాలంలో ఆ బొమ్మ ఎవరి దగ్గర ఉందో ఆ సేకర్త రాసుకున్న పేరు అది. మీ ఫొటోల్లో కనిపిస్తున్నంత వరకు బొమ్మ కాంబియాజో ధోరణిలోనే ఉంది. అయితే ఈ పేరుతో బయటికొచ్చే తిరుకుటుంబాల్లో శిష్యులు గీసినవి, పాత కాపీలు చాలా ఎక్కువ. కాబట్టి "కాంబియాజో" అని కాకుండా "కాంబియాజో అనుచరుడు" అన్న దగ్గర తేలుతుందనుకుని మొదలుపెట్టండి. అంతకంటే పైకి వెళ్తే సంతోషం. పరీక్ష మాత్రం పేరుతో మొదలుపెట్టకూడదు. కాగితం, సిరా, వెనక వైపు, గీత ఇలా ఒక్కోటీ దాటుకుంటూ చివరికి పేరు దగ్గరికి రావాలి. పేరుతో మొదలుపెట్టినవాడికి ప్రతి గీతా ఆ పేరుకే సాక్ష్యం చెప్తుంది.

కాంబియాజో విషయంలో ఇంత జాగ్రత్త దేనికంటే, ఆయన (1527–1585) మనుషుల్ని పెట్టెల్లా, పలకల్లా విడగొట్టి గీసేవాడు. ఆ సరళమైన ఆకారాలు శిష్యులకు పాఠం లాంటివి, చూసి దించుకోవడం తేలిక. కొడుకు ఒరాజియో, శిష్యుడు లాజ్జారో తవరోనే ఆ పద్ధతిలోనే పెరిగారు. ఇద్దరూ 1583లో ఆయన వెంట స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కొలువుకి కూడా వెళ్లారు. పైగా కాంబియాజో తానే ఒక కూర్పును మళ్లీ మళ్లీ గీసేవాడు. అందుకని ఒకే తిరుకుటుంబం నాలుగైదు చోట్ల కనిపించినా ఆశ్చర్యం లేదు.

మొదటి గడప: అది చేత్తో గీసిందేనా? ఇదేం ప్రశ్న అనుకోకండి. పాత బొమ్మల్ని అచ్చం సిరా గీతల్లా కనిపించేట్టు అచ్చువేయడం 18వ శతాబ్దంలో పెద్ద పరిశ్రమ. ఇటలీ చిత్రకారుడు గ్వెర్చీనో బొమ్మల్ని చూసి అచ్చు రేకులు చెక్కే బార్తొలోజ్జి చేసిన అచ్చులు ఫ్రేములో అద్దం వెనక ఉంటే ఎవర్నయినా మోసం చేస్తాయి. ఆ తర్వాత కొలోటైప్ (collotype, జెలటిన్ పూత సాయంతో ఫొటోను సిరాతో అచ్చువేసే పద్ధతి) ముద్రణ వచ్చింది. పది రెట్లు పెంచి చూపే భూతద్దం తీసుకుని ఏటవాలు వెలుతురులో చూడండి. అచ్చయితే బొమ్మ చుట్టూ రేకు నొక్కిన పల్లం కనిపించవచ్చు, లేదా సిరా కాగితం మీద సన్నగా ఉబ్బి ఉంటుంది. కొలోటైప్ అయితే గీత లోపల పురుగులు పాకినట్టు సన్నటి ముడతల నూగు కనిపిస్తుంది. కలం గీతలో ఇవేవీ ఉండవు. సిరా నారల్లోకి ఇంకి ఉంటుంది, ఒక గీత మరో గీతను దాటే చోట రంగు ముదురుతుంది.

కాగితం. ఇక్కడ ఎక్కువ సేపు ఉండండి. తోసిపుచ్చడానికి దీన్ని మించిన సాధనం లేదు. బొమ్మను ఫ్రేములోంచి తీయించాక (మీరు తీయొద్దు, ఎవరు తీయాలో కింద చెప్తాను) ఎల్‌ఈడీ లైట్ ప్యాడ్ మీద పెట్టి వెలుతురు లోపలి నుంచి వచ్చేలా చూడండి. ప్యాడ్ లేకపోతే తెల్ల తెర పెట్టిన టాబ్లెట్ చాలు, మధ్యలో పలుచటి పారదర్శక షీటు వేయండి. దగ్గర దగ్గరగా సన్నటి గీతలు, వాటికి అడ్డంగా రెండు మూడు సెంటీమీటర్ల ఎడంతో కాస్త లావు గీతలు కనిపించాలి. తీగల జల్లెడలో గుడ్డపీలికల గుజ్జు ఎత్తి చేసిన లెయిడ్ కాగితం గుర్తులవి. లావు వాటిని చెయిన్ లైన్లు అంటారు. ఈ గీతలేమీ లేకుండా అంతటా ఒకేలా మబ్బుగా ఉంటే అది వోవ్ కాగితం. దాన్ని ఇంగ్లండ్‌లో జేమ్స్ వాట్‌మన్ 1750ల్లో మొదలుపెట్టాడు. 1585లో పోయినవాడు దాని మీద గీయలేడు కదా, అక్కడితో చర్చ ముగిసిపోతుంది.

చెయిన్ లైన్ల మధ్య దూరాన్ని వరసగా నాలుగైదు చోట్ల మిల్లీమీటర్లలో కొలిచి రాసిపెట్టుకోండి. వాటర్‌మార్క్ (కాగితం తయారీలోనే పడిన గుర్తు) కనిపిస్తే స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి, తర్వాత కంప్యూటర్లో కాంట్రాస్ట్ పెంచుకోవచ్చు. బొమ్మ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో దించొద్దు. 1600 వరకు ఉన్న గుర్తులకు బ్రికే 1907లో వేసిన సంపుటాలు ఇప్పటికీ మొదటి మెట్టు. జెనోవా బొమ్మల విషయంలో ఒకటి ప్రత్యేకంగా గుర్తుంచుకోండి: ఒకదాని మీద ఒకటి మూడు వలయాలు, పైన సిలువ ఉంటే అది జెనోవా కాగితమే. కానీ ఆ గుర్తు మామూలుగా 17, 18 శతాబ్దాలది. "జెనోవా కాగితం దొరికింది, ఇక కాంబియాజోదే" అని సంబరపడేవాళ్లు చాలామంది ఆ మూడు వలయాల దగ్గరే పడతారు. అది ఆయనవైపు సాక్ష్యం కాదు, ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యం.

తిరగేసి చూసినా జాగ్రత్తే. కాగితం పాతదైనంత మాత్రాన బొమ్మ పాతది కాదు. పాత పుస్తకాల్లో, లెక్కల దస్తరాల్లో ఖాళీ పుటలు బోలెడు దొరుకుతాయి. ఎరిక్ హెబ్బర్న్ (1934–1996) అనే బ్రిటిష్ చిత్రకారుడు అలాంటి పుటల మీదే పాత ఇటాలియన్ల బొమ్మలు గీసి పెద్ద పెద్ద సంస్థలకు చేరేలా చేశాడు. 1978లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ క్యూరేటర్ కొన్రాడ్ ఒబర్‌హూబర్ తమ దగ్గరున్న స్పెరాందియో బొమ్మనూ, న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలోని కోస్సా బొమ్మనూ పోల్చి చూశాడు. ఇద్దరు వేర్వేరు చిత్రకారుల పేర్లు, కాగితం మాత్రం ఒకటే. రెండూ ఒకే లండన్ డీలర్ నుంచి వచ్చాయి. ఆ దొంగ బొమ్మల గుట్టు బయటపడింది అక్కడి నుంచే. కాబట్టి కాగితం పాతదని తేలాక ఇంకో ప్రశ్న వేసుకోండి: అంచుల్లో ఒకవైపు కుట్టు రంధ్రాలు ఉన్నాయా? పుస్తకంలోంచి చింపిన గుర్తు ఉందా? ఉంటే తప్పు కాదు, పాతవాళ్ల స్కెచ్ పుస్తకాలూ కుట్టినవే. కానీ ఎందుకు ఉన్నాయో వివరణ దొరకాలి.

సిరా. మీరు "గోధుమ రంగు సిరా" అన్నారు. గీసిన నాడు అది చాలావరకు నల్లగానే ఉండి ఉంటుంది. ఆ కాలపు సిరా మాచికాయల కషాయంలో అన్నభేది కలిపి, తుమ్మబంకతో చిక్కబరిచినది. మూడూ మన మూలికల కొట్లలో ఇప్పటికీ దొరికే సరుకులే. అందులోని ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆమ్లం కాగితాన్ని తింటుంది. అందుకే నిజమైన పాత గీతలో రంగు అంతటా ఒకేలా ఉండదు. సిరా చుక్కగా నిలిచిన చోట, నీడకోసం గీతలు గుంపుగా పడ్డ చోట ముదురుగా, పలుచగా సాగిన చోట లేతగా ఉంటుంది. ముదురు చోట్ల వెనకవైపుకు గోధుమ మరక దిగుతుంది, గీత చుట్టూ లేత పసుపు వలయం కనిపిస్తుంది, మరీ ముదిరితే కాగితం చిల్లి పడుతుంది. మందంగా ఉన్న చోటా, పలుచగా ఉన్న చోటా ఒకే టీ రంగు, వెనక ఒక్క మరకా లేదు అంటే, ఎవరో మొదటి నుంచే గోధుమ రంగు సిరాతో గీశారేమోనని అనుమానించాలి.

బిస్తర్ అని ఇంకొకటుంది, కట్టెల పొగమసితో చేసినది. దాన్ని ఎక్కువగా కుంచెతో నీడలు పూయడానికి వాడేవారు. దానికి ఈ తినే గుణం ఉండదు. కాబట్టి తినలేదు గనుక దొంగది అనేయకూడదు. ల్యాబులో ఇన్‌ఫ్రారెడ్ కింద పెడితే ఇనుప సిరా 1000 నానోమీటర్ల దగ్గరకు వచ్చేసరికి దాదాపు మాయమవుతుంది, కర్బన సిరా నల్లగా నిలుస్తుంది. ఇంట్లో చేయగలిగింది 365 నానోమీటర్ల యూవీ టార్చ్. యూవీని ఆపే కళ్లద్దాలు పెట్టుకుని, చీకటి గదిలో, ఒక్కోచోట కొన్ని సెకన్లు మాత్రమే. ఇనుప సిరా ముదురుగా కనిపిస్తుంది, వెలిసిపోయిన రాతలు కొన్నిసార్లు చదవడానికి వీలవుతాయి. కాగితం నీలి తెలుపుగా మెరిస్తే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఉన్నట్టే, అది 20వ శతాబ్దం మధ్య తర్వాతి సంగతి. అయితే మెరిసేది బొమ్మ కాగితమా, వెనక అంటించిన అట్టా అన్నది చూసుకోండి.

కలం కూడా చెప్తుంది. పక్షి ఈక కలం గీత నొక్కిన చోట మెత్తగా వెడల్పవుతుంది. ఉక్కు పాళీ నొక్కితే రెండు ముక్కులూ విడిపోయి కాగితం మీద సన్నటి జంట గాళ్లు పడతాయి, ఏటవాలు వెలుతురులో అవి కనిపిస్తాయి. ఉక్కు పాళీలు బర్మింగ్‌హామ్ నుంచి విరివిగా వచ్చింది 1820ల నుంచి.

వెనక వైపు, రాతలు, ముద్రలు. "కాంజాజి" అన్న రూపం పాత సేకర్తలు వాడినదే, అందుకే ఆ రాత పాతదే అయ్యుండవచ్చు. ఒక చిన్న పరీక్ష: ఆ పేరు సిరా రంగు, బొమ్మ సిరా రంగు పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూడండి. పేరు లేత బూడిద గోధుమ, బొమ్మ ముదురు ఎరుపు గోధుమ అయితే రెండూ ఒక సీసాలోవి కావు. పేరులోని అక్షరం బొమ్మ గీత మీద నుంచి వెళ్లిందా, పక్కకు తప్పుకుందా, కాగితం కత్తిరించిన అంచు దగ్గర తెగిందా అన్నదీ రాసుకోండి. అక్షరం తెగి ఉంటే పేరు రాశాకే కాగితం కత్తిరించారన్నమాట.

ఇలాంటి పేర్లు రాసినవాళ్లలో ఉదారులు ఎక్కువ. పాద్రే సెబాస్టియానో రెస్తా (1635–1714) పెద్ద సేకర్త, మంచి జ్ఞాని, అయినా పెద్ద పేర్లు పంచడంలో చెయ్యి ధారాళం. ఆయన రాతను సాక్ష్యంగా తీసుకుంటారు గానీ తీర్పుగా తీసుకోరు.

మూలల్లో పాత సేకర్తల చిన్న ముద్రలుంటే అవి బంగారంతో సమానం. పీటర్ లీలీ ముద్ర "పీఎల్" అక్షరాలు, ఆయన పోయాక ఆస్తి చూసినవాళ్లు వేసినది. మరియెట్ (1694–1774) అయితే నీలి అట్ట మీద అంటించి బంగారు గీత గీయించేవాడు. ఫ్రిట్స్ లుగ్ట్ 1921లో వేసిన ముద్రల నిఘంటువు ఇప్పుడు ఆన్‌లైన్లో ఉచితం, ప్యారిస్‌లోని ఫోందాసియోన్ కుస్తోదియా నడుపుతోంది. ముద్ర కొలత మిల్లీమీటర్లలో తీసుకుని అందులో పోల్చండి, ఎందుకంటే దొంగ ముద్రలూ ఉన్నాయి. ముద్ర నిజమైనా అది చెప్పేది బొమ్మ ఫలానా వాళ్ల దగ్గర ఉందని మాత్రమే. వెనక అట్ట అంటించి ఉంటే దాని వెనక ఏముందో తెలియదు. ఒక్కోసారి అసలు సమాధానం అక్కడే ఉంటుంది.

ఉదాహరణకు, 2016లో ప్యారిస్‌లోని తాజాన్ వేలం సంస్థకు ఒక రిటైరైన డాక్టరు తండ్రి సేకరించిన 14 బొమ్మలు తెచ్చాడు. అందులో ఒకటి చెట్టుకు కట్టిన పునీత సెబాస్టియన్, కలం బొమ్మ. నీడ గీతలు పై ఎడమ నుంచి కింది కుడికి వాలి ఉన్నాయి, అంటే ఎడమచేతి వాటం. కాగితం తిప్పితే వెనక కాంతి, నీడల మీద చిన్న పటాలు, కుడి నుంచి ఎడమకు రాసిన రాత. మెట్రొపాలిటన్ మ్యూజియం క్యూరేటర్ కార్మెన్ బంబాక్ దాన్ని లియొనార్డో చేతిదిగా ఒప్పుకున్నారు, వేలం సంస్థ 15 మిలియన్ యూరోల అంచనా వేసింది. కోడెక్స్ అట్లాంటికస్ అనే తన రాతల సంపుటంలో లియొనార్డో తన దగ్గరున్న వాటి జాబితాలో ఎనిమిది సెబాస్టియన్ల గురించి రాసుకున్నాడు కూడా. ఇన్ని వేర్వేరు దారులు ఒకే మనిషి దగ్గరికి చేరాయి కాబట్టి నిలబడింది. నీడ గీతల వాలు ఒక్కటే ఉంటే నిలబడదు: కాపీ చేసేవాడు ఆ వాలునూ దించుతాడు, కాగితం పక్కకు తిప్పుకుని గీసినా వాలు మారుతుంది. గీత ఏ కొసన సిరా నిండి మొదలైంది, ఏ కొసన సన్నబడి వదిలింది అన్నది చూస్తే చెయ్యి ఎటు కదిలిందో తెలుస్తుంది.

ఇక గీత. అన్నిటికన్నా కష్టమైన భాగం, అన్నిటికన్నా రుచి ఉన్న భాగం కూడా ఇదే. సంతకం ఫోర్జరీ చేసేవాడి చెయ్యి ఎలా మెల్లగా నడుస్తుందో కాపీ గీసేవాడి కలమూ అలాగే నడుస్తుంది. మీ బొమ్మలో మరియమ్మ మోకాలు తీసుకోండి. తొడ నుంచి మోకాలి మీదుగా పాదం దాకా దిగే పొడుగాటి గీత ఉంది కదా. కాంబియాజో చేతిలో అది ఒకే ఊపులో వస్తుంది: మొదట్లో సిరా నిండుగా, మలుపులో సన్నబడి, చివర కలం ఎత్తే ముందు చిన్న కొక్కెం. మలుపు దగ్గర గీత కొంచెం ముందుకు జారి పక్క గీతను దాటిపోతుంది, దాన్ని దిద్దే ఓపిక ఆయనకు లేదు. కాపీలో అదే గీత మధ్యలో ఆగుతుంది. మూలం వైపు కన్ను మళ్లిన క్షణంలో కలం నిలిచిన చోట చిన్న చుక్క పడుతుంది, తర్వాత గీత వెంట్రుకవాసి పక్కన మళ్లీ మొదలవుతుంది. మూలల్లో గీతలు బుద్ధిగా కలుస్తాయి. భూతద్దం కింద ఒక్కో గీత వెంట అలా ప్రయాణం చేసి, ఆగిన చోట్లు లెక్కపెట్టండి.

నీడ గీతలు కూడా అంతే. ఆయనవి సమాంతరంగా, వేగంగా, ఒక్కోసారి చివర కలం ఎత్తకుండానే వెనక్కి తిరిగి పక్క గీతగా మారతాయి. అనుకరించేవాళ్లు వాటిని ఒక్కొక్కటీ విడిగా, సమాన దూరంలో వేస్తారు. కళ్లు, ముక్కు, నోరు ఆయన రెండు మూడు పొట్టి గీతల్లో తేల్చేస్తాడు, అయినా తల ఎటు వంగిందో తెలుస్తుంది. కాపీలో కనుపాపలు వస్తాయి, పెదవులు వస్తాయి, తల మాత్రం మెడ మీద నిలవదు.

కింద నల్ల చాక్ గీతలు ఉన్నాయేమో చూడండి. చాక్ ఒక దారి, సిరా మరో దారి పట్టిన చోట్లు ఉంటే, ఉదాహరణకు బాలయేసు తల ముందు ఎడమకు వేసి తర్వాత కుడికి జరిపి ఉంటే, గీసేవాడు ఆలోచిస్తూ గీశాడు. చాక్ మీద సిరా ఎక్కడా తప్పకుండా నడిస్తే అది దించుకున్న బొమ్మ. కానీ ఇక్కడ తొందరపడొద్దు. దాత చూసి ఒప్పుకోవడానికి చిత్రకారుడు తానే శుభ్రమైన ప్రతి గీసి ఇచ్చేవాడు, అందులోనూ దిద్దుళ్లు ఉండవు. చదరపు గళ్లు గీసి ఉంటే పెద్ద చిత్రానికి పెంచే ఉద్దేశం. బొమ్మ ఆకారాల వెంట సూదితో పొడిచిన చుక్కలుంటే గోడకో గుడ్డకో బదిలీ చేయడానికి. మొద్దు సూదితో నొక్కిన గాళ్లుంటే అచ్చు రేకు మీదకు దించడానికీ కావచ్చు. కూర్పు మొత్తం తిరగబడి, బాలయేసు ఎడమచేత్తో దీవిస్తున్నట్టుంటే, అది అచ్చు చూసి గీసిందేమోనని ముందు అచ్చులు వెతకండి.

మతపరమైన గుర్తులు మీ బొమ్మలో పెద్దగా సాయం చేయవు, తిరుకుటుంబం ఎప్పుడైనా గీయవచ్చు. వేరే బొమ్మలున్నవాళ్ల కోసం ఒక్క మాట: లొయోలా ఇగ్నేషియస్, ఫ్రాన్సిస్ జేవియర్, ఆవిలా తెరేసా, ఫిలిప్ నేరి నలుగురినీ పునీతులుగా ప్రకటించింది 1622 మార్చి 12న. అంతకుముందు ధన్యులుగా ఉన్నప్పుడు తల చుట్టూ కిరణాలు వేసేవారు, నిండు వలయం తర్వాతిది. ఇది కచ్చితమైన నియమం కాదు, కానీ కాలం పట్టుకోవడానికి పనికొస్తుంది.

పోల్చడం ఎక్కడ? ఉఫిజి, బ్రిటిష్ మ్యూజియం, లూవ్ర్, మెట్రొపాలిటన్ తమ బొమ్మల్ని ఆన్‌లైన్లో పెట్టాయి. కాంబియాజో తిరుకుటుంబాలు కనీసం ముప్పై పక్కపక్కన పెట్టుకోండి. అందులో "కాంబియాజో తరహా" అని మ్యూజియమే తగ్గించి పెట్టినవి తప్పకుండా కలపండి, మీకు అసలు పాఠం చెప్పేవి అవే. బొలోన్యాలోని జేరి ఫొటో భాండాగారం, హేగ్‌లోని ఆర్‌కేడీ అనే కళాచరిత్ర సంస్థ కూడా చూడండి. మీ కూర్పే ఇంకో చోట దొరికితే భయపడకండి, ఏది దేన్ని చూసి వచ్చిందో తేల్చడానికి అప్పుడే అవకాశం.

తర్వాత నిపుణులకు పంపండి. మ్యూజియంవాళ్లు వెల చెప్పరు, అభిప్రాయం ఇవ్వవచ్చు. పెద్ద వేలం సంస్థల పాత బొమ్మల విభాగాలు ఫొటోలు చూసి ప్రాథమిక అభిప్రాయం ఇస్తాయి. పంపాల్సినవి: ముందు వైపు మొత్తం, వెనక వైపు మొత్తం, వెలుతురు లోపలి నుంచి వచ్చిన ఫొటో, ఏటవాలు వెలుతురు ఫొటో, చేతులు, ముఖాలు, పేరు, ముద్రలు దగ్గరగా, స్కేలుతో. అద్దం మీదుగా తీసినవి పంపొద్దు. ఉత్తరంలో "ఇది కాంబియాజోదేనా" అని కాకుండా "ఎవరిదై ఉండవచ్చు" అని అడగండి.

జవాబులో వచ్చే మాటలకు మెట్లున్నాయి. పేరు ఒక్కటే ఉంటే వాళ్ల ఉద్దేశంలో ఆయనదే. "అట్రిబ్యూటెడ్ టు" అంటే ఆయనదే కావచ్చు, పూర్తి నమ్మకం లేదు. "స్టూడియో ఆఫ్" ఆయన పనిశాలలో, బహుశా ఆయన కనుసన్నల్లో. "సర్కిల్ ఆఫ్" ఆయన కాలంలోనే, ప్రభావంలో ఉన్నవాడు. "ఫాలోయర్ ఆఫ్" ఆ తరహాలో గీసినవాడు, శిష్యుడు కానక్కర్లేదు. "మేనర్ ఆఫ్" అంటే చాలా తర్వాత ఎవరో. "ఆఫ్టర్" అంటే తెలిసిన బొమ్మకు కాపీ. ఒక్కో మెట్టుకీ వెల విపరీతంగా మారుతుంది.

చేయకూడనివి. ఫ్రేము కట్టేవాడి చేత వెనక అట్ట ఊడదీయించవద్దు. ఫ్రేములోంచి తీయడం, అట్ట ఊడదీయడం రెండూ కాగితాల కన్సర్వేటర్ (పాత కాగితాలను కాపాడి బాగుచేసే నిపుణుడు) మాత్రమే చేయాలి. మచ్చలు పోవాలని తడి దూది తగిలించవద్దు: ఇనుప సిరాలో కరిగే ఇనుము తడితో పాటు పక్కకు పాకి వలయాలు కడుతుంది, తినడం వేగమవుతుంది. బ్లీచింగ్ అయితే గీతనే చంపుతుంది. గోడకు పెట్టాలనుకుంటే ఎండ పడని గోడ, 50 లక్స్ మించని వెలుతురు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లకు తెచ్చే ఆలోచన ఉంటే తడి సంగతి రెండింతలు గుర్తుపెట్టుకోండి.

తెచ్చే ముందు ఇంకో సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చిత్రాలు పురావస్తువుల కిందికి వస్తాయి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం బయటికి పంపడానికి వీల్లేదు. ఇక్కడికి వచ్చాక లండన్‌లో అమ్ముదామనుకుంటే చిక్కు. కొన్న రసీదు, వేలం లాట్ నంబరు, కస్టమ్స్ కాగితాలు బొమ్మతో పాటే దాచండి. తేలేదాకా బొమ్మను మాత్రం అక్కడే ఉంచడం మంచిది. కన్సర్వేటర్ అట్ట ఊడదీశాక వెనక వైపు ఫొటో, చెయిన్ లైన్ల కొలతలు పెట్టండి, అప్పుడు ఇంకొంచెం గట్టిగా చెప్పగలను.